ఎర్ర చెప్పుకి బ్రేకులు

బ్రేకుల పెద్దాయన మనస్ఫూర్తిగా గౌరవించిన మనుషులు లోకంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు పోయిన భార్య, రెండోవారు తనే. మిగతా జనమంతా ఆయన దృష్టిలో పని రాకపోయినా వచ్చినట్టు తిరిగే బాపతు. ముప్ఫై నాలుగేళ్ళు బస్సుల డిపోలో బ్రేకుల సెక్షన్లో పనిచేశాడు. తన చెయ్యి పడ్డ బస్సు ఒక్కటి కూడా ఆగాల్సిన చోట ఆగకుండా పోలేదని చెప్పుకుంటూ రిటైరయ్యాడు. ఆ మాట నిజం. నిజం కాబట్టే ఇంట్లోవాళ్ళకి దాన్ని భరించడం ఇంకా కష్టమైంది.

డిపోలో ఒక పద్ధతి ఉండేది. బ్రేకులు ఎవరు చేశారో వాళ్ళే మొదటి ట్రిప్పులో డ్రైవరు పక్కన కూర్చోవాలి. చేసినవాడి ప్రాణం కూడా బస్సులోనే ఉంటే మర బిగించేటప్పుడు చెయ్యి బద్ధకించదని. ఆ సీటు గురించి పెద్దాయన ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాడు. గ్యాసు బండ తెచ్చినవాడికీ చెప్పాడు. ఆయన గొంతు సవరించుకోగానే కూతురు మంచినీళ్ళ వంక పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

మోకాలి ఆపరేషనుకని పదిహేను రోజులకి కూతురింటికి వచ్చాడు. మూడేళ్ళయింది. ఆయన గది ఇంటి పక్కన కారు షెడ్డుని ఆనుకుని ఉంటుంది. ఒక మంచం, రేడియో, గోడ మేకుకి వేలాడే స్పానర్ల సంచి, షెడ్డులోకి తెరుచుకునే కిటికీ. ఆసుపత్రిలో మందుల కౌంటరు చూసే కూతురు పొద్దున్నే ఆ కిటికీ ముందు నుంచే స్కూటరు తీసుకుని వెళ్తుంది. మిగతా రోజంతా ఆ కిటికీకీ పెద్దాయనకీ పనుండదు.

అల్లుడిది ఒక కంపెనీలో శిక్షణ ఇచ్చే ఉద్యోగం. సంబంధం మాట్లాడుకునేటప్పుడు, "ఏం నేర్పుతారు బాబూ?" అని పెద్దాయన అడిగితే, "ఎదుటివాళ్ళు చెప్పేది ఎలా వినాలో నేర్పుతానండీ" అన్నాడా అబ్బాయి. పెద్దాయన ఇంటికొచ్చి, "వినడం నేర్పుతాడట. దానికి జీతం కూడానట" అని భార్య దగ్గర గంటసేపు నవ్వాడు. భార్య నవ్వలేదు. "మీరూ రెండు రోజులు వెళ్ళి కూర్చోండి అక్కడ" అంది.

ఆ అల్లుడు ఈ మధ్య ఒక కారు కొన్నాడు. ముప్ఫై ఏళ్ళ నాటిది, ఎర్రది, ఇద్దరికి మించి పట్టనిది, పైన గుడ్డ టాపు. స్పోర్ట్స్ కారట. ఎవరిదో దొడ్లో టార్పాలిన్ కింద ఎలకలు కాపురం చేసిన బండి. అందులో కూర్చోవాలంటే ముందు సగం పడుకోవాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యందించాలి. పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎర్ర చెప్పు అని పేరు పెట్టేశాడు. "రెండో చెప్పు ఎక్కడ వదిలేసి వచ్చారట?" అని కూతుర్ని అడిగాడు. కూతురు నవ్వు ఆపుకుంటూ, "మెల్లగా నాన్నా, ఆయన వింటారు" అంది.

ఎర్ర చెప్పుకి బ్రేకు తొక్కితే ఎడమకి లాగే జబ్బుంది. ఇలాంటి పాత కార్లున్న సరదా రాయుళ్ళు పది మంది కలిసి వచ్చే ఆదివారం కొండ రోడ్డెక్కి దిగాలని అనుకున్నారు. పదహారు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క ఖాళీ. అల్లుడితో కూతురూ వెళ్తుంది. బండిని మెకానిక్కుకి ఇవ్వొచ్చు కదా అని ఆమె అంటే, సొంత చేత్తో చేసుకుంటేనే బండితో అనుబంధం పెరుగుతుందని అల్లుడు వారం రోజులు సెలవు పెట్టాడు.

ఆ మాట చెవిన పడగానే పెద్దాయన తగుదునమ్మా అని షెడ్డులోకి వెళ్ళాడు.

"అల్లుడుగారూ, నేనొక చెయ్యి వెయ్యనా?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ మామయ్యగారూ. మీరు హాయిగా కూర్చోండి. అయినా బస్సులు వేరు, ఇది వేరు కదండీ."

అందులో సగం నిజముంది. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి, ఈ బండివి ఆయిలుతో. కానీ డిపో జీపుకీ, మేనేజరు కారుకీ ముప్ఫై నాలుగేళ్ళు ఆయిలు బ్రేకులు చేసింది ఈ పెద్దాయనే. ఆ ముక్క అక్కడే అనేస్తే సరిపోయేది. అనలేదు. "బస్సులు వేరు, ఇది వేరు" అన్న మాటని గదిలోకి పట్టుకుపోయి సాయంత్రం దాకా నెమరేశాడు. ఆ తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నాడు.

చూడ్డానికి వేడుకగానే ఉంది. అల్లుడు చేతులకి నీలం రంగు తొడుగులు, నడుముకి కొత్త ఏప్రన్, తెరిచిన పెట్టెలో నగల్లా మెరిసే స్పానర్లు. స్టూలు మీద టాబ్లెట్టు, అందులో టోపీ పెట్టుకున్న ఒకడు బ్రేకులు విప్పి చూపిస్తున్నాడు. అల్లుడు ఒక మర విప్పడం, తొడుగు తీయడం, టోపీవాడిని ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ తొడుగు వేసుకోవడం. రెండు చక్రాలు ఊడదీయడానికి సోమవారం మొత్తం పట్టింది. డిపోలో అయితే ఈపాటికి నాలుగు బస్సులు రోడ్డెక్కేవని పెద్దాయన కిటికీ చువ్వలకి చెప్పుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నానికి ముందు చక్రాల క్యాలిపర్లు రెండూ ఊడి వచ్చాయి. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని రెండు పక్కలా నొక్కి ఆపే దవడలే క్యాలిపర్లు. ఎడమదీ కుడిదీ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. వాటికి గాలి వదిలే చిన్న నిపుల్ ఉంటుంది, బిగించాక అది పైకి ఉండాలి. తేడా తెలిసేది అక్కడే. అల్లుడు రెంటినీ న్యూస్‌పేపరు మీద పక్కపక్కన పడుకోబెట్టి భోజనానికి వెళ్ళాడు. పెద్దాయనకి ఒళ్ళు మండింది. గుర్తు పెట్టకుండా బండిలోంచి సామాను దించితే డిపోలో తిట్లు తినాలి. జేబులో ఇప్పటికీ సుద్దముక్క ఉంటుంది. షెడ్డులోకి వెళ్ళి ఒకదాని మీద "ఎ" అనీ రెండోదాని మీద "కు" అనీ రాసి వచ్చాడు. అల్లుడి మీద దయ పుట్టి కాదు. అలవాటు.

బుధవారం అల్లుడు వాటిని కిరసనాయిల్లో ముంచి బ్రష్షు పెట్టి తోమాడు. "ఎవరు గీశారో గీతలు" అని పైకే అనుకుంటూ "ఎ"నీ "కు"నీ శుభ్రంగా కడిగేశాడు. ఆ తర్వాత రెంటికీ ఎర్ర రంగు పూశాడు, బండి రంగుకి కలవాలని. ఎవరు గీశారో అట. ఆ ఇంట్లో జేబులో సుద్దముక్క పెట్టుకు తిరిగే మనిషి ఎవరో తెలియదట. పెద్దాయన కిటికీ దగ్గర నుంచి లేచాడు, రేడియో పెట్టాడు, కట్టేశాడు. ఇక ఆ బండి గురించి తన నోట మాట రాదని ఒట్టు పెట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం అల్లుడు క్యాలిపర్లు బిగించాడు. పెద్దాయనకి ఒక్క చూపు చాలింది. నిపుల్ కిందికి ఉంది. రెండో పక్కా అంతే. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వెళ్ళిపోయాయి. గ్లాసు బోర్లించి బకెట్లో ముంచితే గాలి గ్లాసు పైభాగంలోనే ఉండిపోతుంది కదా, అలాగే గాలి బుడగ క్యాలిపర్ పైన కూర్చుంటుంది. కింద నిపుల్ తెరిచి ఎన్ని డబ్బాల ఆయిలు పారించినా అది కదలదు. బుడగ ఉన్నంతకాలం బ్రేకు తొక్కితే నలిగేది బుడగే, బండి పోతూనే ఉంటుంది. పెద్దాయనకి మోకాలు బాగై మొదటి అడుగు వేసిన రోజు కూడా అంత ఆనందం కలగలేదు.

శుక్రవారం గాలి తీసే కార్యక్రమం. కూతురు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచి, ఎర్ర చెప్పులో సగం పడుకుని పెడల్ మీద కాలు పెట్టింది. అల్లుడు చక్రం దగ్గర చతికిలబడ్డాడు.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో... పట్టుకో... వదులు."

గంటన్నర ఇదే పాట. నాలుగు డబ్బాలు ఖాళీ. పెడల్ ఒకసారి తొక్కితే నేల దాకా పోతోంది, మూడోసారికి కాస్త గట్టిపడుతోంది. "ఏవండీ, ఇది మెత్తగా పోతోందండీ" అంది కూతురు. అల్లుడు టోపీవాడిని సంప్రదించాడు. టోపీవాడు పెడల్ మెత్తగా ఉండటం గురించి ఏమీ చెప్పలేదు. "పాత కార్లు కదా, రెండు మూడు సార్లు తొక్కించుకుంటాయి. మూడోసారికి పట్టుకుంటోందిగా" అన్నాడు అల్లుడు. కిటికీ వెనక పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా ఊగేలా నవ్వాడు.

తారుమారుగా బిగించారు అంటే చాలు. ఒక్క ముక్క. అప్పుడే లేచి నాలుగడుగులు వేస్తే పని అయిపోయేది. కానీ మామగారు అల్లుడికి పని నేర్పడం మర్యాద కాదని ఆయనకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. డిపోలో అసిస్టెంటు ఇంజినీర్ని కూడా అందరి ముందూ ఏకిపారేసిన మనిషికి ఈ మర్యాద ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆయనకే తెలియాలి. మర్యాద కింద ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఆదివారం తొమ్మిదింటికి సరదా రాయుళ్ళంతా తమ తమ బండ్లతో గేటు ముందు చేరతారు. అప్పుడు తను తీరిగ్గా బయటికొచ్చి, చక్రం దగ్గర వంగి చూసి, నలుగురూ వినేలా అనాలి: "బస్సులు వేరే అల్లుడుగారూ. గాలి మాత్రం ఎక్కడైనా పైకే పోతుందండీ." ఈ వాక్యాన్ని శుక్రవారం రాత్రంతా నున్నగా అరగదీశాడు.

శనివారం పొద్దున ఆ ఆనందం ఒక్కడికే ఇముడ్చుకోవడం కష్టమై, కర్ర పట్టుకుని వీధి దిగి పెద్ద రోడ్డు మీదికి వెళ్ళాడు. వాళ్ళ వీధి ఏటవాలుగా దిగి పెద్ద రోడ్డులో కలుస్తుంది. కలిసే చోట ఒక పండ్ల బండి, దాని ఎదురుగా స్పేర్ పార్టుల కొట్టు.

"మీ అల్లుడుగారు నిన్న ఐదో డబ్బా పట్టుకెళ్ళారు పెద్దాయనా" అన్నాడు కొట్టాయన. "బండిలో పోస్తున్నారా, తాగుతున్నారా?"

పెద్దాయన స్టూలు మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. నీలం తొడుగులు, టోపీవాడు, ఎర్ర రంగు, నొక్కు, నొక్కాను, వదులు. గొంతులు మార్చి చెప్పాడు. కొట్టాయన కౌంటరు పట్టుకుని నవ్వాడు. బయట ఏదో కీచుమంది, పండ్ల బండివాడు ఎవరినో గట్టిగా తిడుతున్నాడు. పెద్దాయన తల కూడా తిప్పలేదు. "చూశారా, ఈ రోజుల్లో ఎవడి బండికీ బ్రేకుల్లేవు" అన్నాడు. ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

"ఇంతకీ ఆయనకి చెప్పారా?" అన్నాడు కొట్టాయన కళ్ళు తుడుచుకుంటూ.

"అడగనీ."

"అడక్కపోతే?"

"రేపు తొమ్మిదింటికి అందరి ముందూ చెప్తాగా."

"అమ్మాయి కూడా ఎక్కుతుందిగా అందులో, పెద్దాయనా."

"రేపు తొమ్మిదింటికి అంటున్నానుగా."

కొట్టాయన నవ్వడం మానేసి ఎవరికో బోల్టులు చూపించడానికి వెళ్ళాడు. పని రానివాళ్ళ జాబితాలో ఆయన్ని కూడా చేర్చుకుని పెద్దాయన ఇంటికి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం అన్నం పెడుతూ కూతురు ఎందుకో ముభావంగా ఉంది. మొగుడి పనితనం చూసి సిగ్గుపడుతోంది కాబోలు అనుకుని ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఆదివారం ఏడున్నరకి స్నానాల గదిలో ఉన్నాడు. తొమ్మిదింటి సభకి ఉతికిన చొక్కా మంచం మీద సిద్ధంగా ఉంది. మొహానికి సబ్బు పట్టించి కళ్ళు మూసుకుని తన వాక్యాన్ని ఆఖరిసారి అనుకుంటున్నాడు. షెడ్డులో ఇంజను గుర్రుమంది.

రెండు క్షణాలు ఆయనకి అర్థం కాలేదు. తర్వాత గేటు గొళ్ళెం చప్పుడు, అల్లుడి గొంతు: "వాళ్ళంతా ఎనిమిదింటికే కింద పెద్ద రోడ్డు మీద కలుస్తారట. నువ్వు బండి బయటికి తియ్యి, నేను గేటేసి వస్తా."

తువ్వాలు చుట్టుకున్నాడో లేదో, మొహం మీద సబ్బుతో, ఒక కంట్లో మంటతో, కొత్త మోకాలూ పాత మోకాలూ లేకుండా పరిగెత్తాడు. ఎర్ర చెప్పు వెనక్కి వచ్చి సగం గేటు దాటింది. వెనక చక్రాలు ఏటవాలు మీదికి దిగాయి. కూతురు బ్రేకు తొక్కింది, బండి ఆగలేదు. రెండోసారి తొక్కుతోంది.

"హ్యాండ్‌బ్రేకు! హ్యాండ్‌బ్రేకు లాగమ్మా!"

లాగింది. దానికి ఆయిలుతో పనిలేదు, తీగతో పట్టేస్తుంది. బండి ఒక్క కుదుపుతో వీధిలో అడ్డంగా ఆగింది. పెద్దాయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి, తువ్వాలులో ఉన్న మనిషిని చూసి లోపలికి వెళ్ళారు.

"క్యాలిపర్లు తారుమారయ్యాయి" అన్నాడు. "ఎడమది కుడికి. కుడిది ఎడమకి. గాలి లోపలే ఉంది." అంత నున్నగా అరగదీసిన వాక్యం ఏమైపోయిందో తెలియలేదు.

అల్లుడు చక్రం దగ్గర కూర్చుని వేలితో తడిమి చూశాడు. మొహం పాలిపోయింది. కూతురు బండి దిగలేదు.

"ఎప్పుడు చూశావు నాన్నా?"

"గురువారం."

"మొన్న గురువారమా?"

ఆయన తలూపాడు. సబ్బు గడ్డం మీద ఎండిపోతోంది.

"నిన్న పొద్దున నువ్వు బయటికెళ్ళాక, మొదట నేనే నడపాలని ఈయన నాకు తాళాలిచ్చారు" అంది కూతురు. "సరదా పడి ఇచ్చారు. వీధి చివర బ్రేకు తొక్కితే పట్టలేదు. మళ్ళీ తొక్కాను. మూడోసారికి ఆగింది, పండ్ల బండికి జానెడు దూరంలో. అతను నానా తిట్లూ తిట్టాడు. ఈయనకి చెప్తే వారం కష్టం వృథా అయిందని బాధపడతారని చెప్పలేదు. అయినా నాకు భయం వెయ్యలేదు, తెలుసా? నాన్న కిటికీ దగ్గర కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు కదా, ఏదైనా తేడా ఉంటే ఈపాటికి చెప్పేవాడే అనుకున్నాను."

కొట్టులో తను స్టూలు మీద కూర్చుని నవ్విన నవ్వు పెద్దాయనకి చెవుల్లో వినపడింది. ఆ కీచుమన్న చప్పుడు కూడా.

"ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే పెద్దాయనకి పని తేలికయ్యేది.

"మీరు అడగలేదు" అన్నాడు. నాలుగు రోజులుగా ఎంతో గొప్పగా అనిపించిన జవాబు, బయటికొచ్చాక పాచిపోయిన అన్నంలా ఉంది. కూతురు బండి దిగి, తండ్రి పక్క నుంచే, ఆయన్ని చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు కొండ రోడ్డు లేదు. మామా అల్లుళ్ళు మూడు గంటలు షెడ్డులో కూర్చున్నారు. అల్లుడు విప్పాడు, బిగించాడు. పెద్దాయన ఎర్ర చెప్పులో పడుకుని నొక్కాను, పట్టాను, వదిలాను అన్నాడు. నిపుల్ పైకి వచ్చింది కాబట్టి బుడగలు గుడగుడమంటూ బయటికి పోయాయి. నాలుగోసారికే పెడల్ రాయిలా గట్టిపడింది. ఇక పరీక్షకి తీసుకెళ్ళాలి. పెద్దాయన నడుపుతానన్నాడు. అల్లుడు తొడుగులు తీసేసి పక్క సీట్లో కూర్చున్నాడు.

"మీరెందుకండీ" అన్నాడు పెద్దాయన.

"బ్రేకులు చేసినవాడే కదా మామయ్యగారూ పక్కన కూర్చోవాలి. మీరే చెప్పారు."

ఆ కథ చెప్పిన ప్రతిసారీ అల్లుడు విన్నాడన్నమాట. పెద్దాయన గేరు వేశాడు. పెడల్ మీద కాలు ఆనించగానే బ్రేకు పట్టింది. వీధి చివర, పెద్ద రోడ్డుకి రెండు బారల ముందే బండి బుద్ధిగా ఆగింది. అయినా ఎర్ర బండి కంటపడగానే పండ్ల బండివాడు రెండు చేతులతో తన బండిని వెనక్కి లాక్కున్నాడు.

ఆ తర్వాత కూతురు ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. వేళకి అన్నం పెట్టింది, మందులు తెచ్చింది. ఒక్కటే కొత్తగా వచ్చింది. పొద్దున్నే స్కూటరు తీసేముందు కిటికీ దగ్గర ఆగి, తాళాలు చేతిలో పట్టుకుని అడుగుతుంది: "నాన్నా, చెప్పాల్సిందేమైనా ఉందా?"

లోకంలో ప్రతి మనిషి గురించీ చెప్పాల్సింది ఉన్న పెద్దాయన, "ఏం లేదమ్మా" అంటాడు. ఆమె ఇంకో క్షణం ఆయన మొహంలోకి చూసి గానీ స్కూటరు ఎక్కదు. ఆ జవాబు నిజం కావడానికి ఆయన తెల్లవారకముందే షెడ్డులోకి వెళ్ళి, స్కూటరు బ్రేకులు రెండుసార్లు పట్టి చూసి వస్తాడు.